సెలవు రోజుల్లో దూరం నుంచి కాపలా
(సంఘ వార్షిక సమావేశంలో చదివిన ప్రసంగపాఠం)



మేము నలుగురం. నలుగురి తరఫున ఈ కాగితం చదువుతున్నాము కనుక ఇందులో "మేము" అన్నచోట నలుగురూ ఉన్నారని గ్రహించ మనవి. మమ్మల్ని చూసినప్పుడల్లా మహల్లాలోని పెద్దలు ఒకటే మాట అడుగుతుంటారు. "ఏం నాయనా, సాయంత్రం ఏడింటికి అన్నం డబ్బా పట్టుకుని పోతారు, తెల్లవారుజామున నాలుగింటికి కుక్కలు మొరుగుతుంటే వస్తారు. అంత రాత్రివేళ చేసే ఉద్యోగమేమిటి?" అని. మా ఇళ్ళల్లో కూడా సరిగ్గా తెలీదు. కంప్యూటర్ పని అంటే సరే అని ఊరుకుంటారు. కార్యదర్శిగారు ఈ సంవత్సరం ఆ సంగతే సభలో చెప్పమన్నారు. చెప్పవలసిన మంచితో పాటు, మా వల్ల జరిగిన ఒక తప్పు కూడా చెప్పాలని మేమే నిశ్చయించుకున్నాము.

మా ఉద్యోగం కాపలా. హైదరాబాదులో కూర్చుని ఆస్ట్రేలియా దేశంలోని వృద్ధుల ఆశ్రమాల్లో ఉన్న కంప్యూటర్లను కనిపెట్టుకుని ఉండడం. అక్కడ దీన్ని ఏజ్డ్ కేర్ అంటారు. మనం అనుకునే వృద్ధాశ్రమం వంటిది కాదది. సగం ఇల్లు, సగం ఆస్పత్రి. లేవలేనివారు, మతిమరుపు జబ్బు ముదిరినవారు, మందు ఇంకొకరు నోట్లో వెయ్యవలసినవారు ఉంటారు. ప్రభుత్వం డబ్బు ఇస్తుంది, ప్రభుత్వమే లెక్క అడుగుతుంది. అన్నీ బాగున్నాయని కాదు. ఆ దేశంవారు 2018 అక్టోబరులో ఈ ఆశ్రమాల మీద ఒక రాయల్ కమిషన్ వేశారు. 2019లో వచ్చిన మధ్యంతర నివేదికకు వాళ్ళు పెట్టిన పేరే "నిర్లక్ష్యం" అని. 2021 మార్చిలో తుది నివేదిక 148 సిఫారసులతో బయటికి వచ్చింది. 2023 జూలై 1 నుంచి రాత్రింబవళ్ళు రిజిస్టరైన నర్సు ఒకరు ఆశ్రమంలో ఉండి తీరాలన్నారు. 2025 నవంబరు 1 నుంచి కొత్త చట్టమే అమల్లోకి వచ్చింది. తప్పును కప్పిపుచ్చక పుస్తకంలో అచ్చువేసుకోవడం మాకు నచ్చిన సంగతి.

మరి ముసలివారి సేవకు కంప్యూటరెందుకు అంటారా? మంచం పక్కన బెల్లు ఉంటుంది. నొక్కితే గది బయట దీపం వెలుగుతుంది, నర్సు జేబులోని ఫోను మోగుతుంది. ఆ మధ్యలో ఒక కంప్యూటర్ ఉంది. మందుల చీటీ ఇప్పుడు చాలాచోట్ల కాగితం మీద లేదు, తెర మీద ఉంది. టీకాలు, ఇన్సులిన్ పెట్టే ఫ్రిజ్ రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి, దానికి ఒక కొలమానం కట్టి ఉంటుంది. మంచం దిగితే కూత పెట్టే చాప ఉంటుంది. మతిమరుపువారు రోడ్డెక్కకుండా తలుపులకు తాళాలు, అవి మళ్ళీ అగ్నిప్రమాదంలో వాటంతటవే ఊడిపోవాలి. ఇవన్నీ తీగల మీద, వైఫై మీద నడుస్తాయి. ఎక్కడ ఏది ఆగినా మా తెర మీద ఎర్రచుక్క పడుతుంది. మేము ఇక్కణ్ణుంచే ఆ యంత్రంలోకి వెళ్ళి సరిచేస్తాం, చేతకాకపోతే అక్కడివారిని నిద్రలేపుతాం.

వేసవిలో మెల్‌బోర్న్ మనకంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. అక్కడ అర్ధరాత్రి అయితే మనకు సాయంత్రం ఆరున్నర, అంటే మగ్రిబ్ అయి దీపాలు పెట్టే వేళ. వాళ్ళ గాఢనిద్ర వేళకు మేము కళ్ళు తెరుచుకుని ఉండగలం. ఇదే ఈ ఉద్యోగానికి మూలం.

వేసవి అన్నది డిసెంబరు నెల అని గుర్తుంచుకోవాలి. అక్కడ క్రిస్మస్ ఎండల్లో వస్తుంది. క్రిస్మస్, మర్నాడు బాక్సింగ్ డే, వారానికి నూతన సంవత్సరం, జనవరి 26న వాళ్ళ జాతీయ దినం. డిసెంబరు మూడోవారం నుంచే కంపెనీలు షట్టర్లు దించడం మొదలెడతాయి. జనవరి రెండోవారం దాకా ఫోను చేస్తే టేపు మాట్లాడుతుంది. ఆశ్రమం కంప్యూటర్లు చూసే మనిషి సముద్రతీరానికి పోతాడు. రోజూ ఉండే నర్సులు సెలవు పెడితే బదులుగా ఏజెన్సీ నుంచి కొత్తవాళ్ళు వస్తారు, వాళ్ళకు పాస్‌వర్డు తెలీదు, ఫ్యూజుబాక్సు ఏ గోడన ఉందో తెలీదు. పైగా ఎండ నలభై డిగ్రీలు దాటిన రోజున సర్వర్ గదిలో ఏసీ ఆగిందంటే గంటలో యంత్రాలు కాగిపోతాయి. 2019 డిసెంబరు 31న ఆగ్నేయ తీరంలో కార్చిచ్చులు రేగి ఊళ్ళకు ఊళ్ళకే కరెంటు, ఫోను పోయిన సంగతి మీలో కొందరు పేపర్లో చదివే ఉంటారు.

దొంగలకూ సెలవుల లెక్క తెలుసు. 2021లో అమెరికాలో మాతృదినం వారాంతాన పెట్రోలు గొట్టాల కంపెనీ మీద, మే నెలాఖరు సెలవుల్లో మాంసం కంపెనీ మీద, జూలై 4 పండగ ముందు ఇంకొకచోట, కంప్యూటర్లకు తాళం వేసి డబ్బడిగే ముఠాలు పడ్డాయి. ఆగస్టు 31న అక్కడి ఎఫ్.బి.ఐ.వారు సెలవులకు, వారాంతాలకు జాగ్రత్త అని ప్రత్యేకంగా హెచ్చరిక విడుదల చేశారు. ఆస్ట్రేలియా ప్రభుత్వం అంతకు ఏడాది ముందే, 2020 ఆగస్టులో, ఈ ముఠాలు వృద్ధుల ఆశ్రమాల మీదే కన్నేశాయని హెచ్చరించింది. ముసలివారి మందుల చీటీలు బందీ చేస్తే ఎవరైనా డబ్బు కట్టేస్తారని వాళ్ళ లెక్క కాబోలు.

ఇక మా తప్పు సంగతి.

2022లో క్రిస్మస్ ఆదివారం పడింది. విక్టోరియా రాష్ట్రంలో శనివారం నుంచి మంగళవారం దాకా నాలుగు రోజులు వరసగా ఎవరూ ఉండరు. మా ఆఫీసులో ఒక ఒప్పందం ఉంది. క్రిస్మస్ నాడు మన క్రైస్తవ సోదరుల డ్యూటీ మేము పుచ్చుకుంటాం, ఈద్ నాడు మా డ్యూటీ వాళ్ళు పుచ్చుకుంటారు. అందుచేత ఆ రాత్రి నలుగురమూ ఉన్నాము. బిర్యానీ కూడా తెప్పించుకున్నాము, దాచడమెందుకు.

మెల్‌బోర్న్‌కు దూరంగా పల్లెపట్టున ఒక ఆశ్రమం. అరవై గదులు. రాత్రిపూట ముగ్గురు మనుషులు. మా తెర మీద ఆ ఆశ్రమం పచ్చగా ఉంది. రాత్రి తొమ్మిది కావస్తుండగా, అక్కడ రెండున్నర దగ్గర పడుతుండగా, ఫోను మోగింది. ఒక ఆడపిల్ల గొంతు, ఇంగ్లీషులో, వణుకుతూ. "బెల్లులు రావడం లేదు. ఒకామె పడిపోయింది" అంది.

మేము తెర చూశాం. పచ్చగానే ఉంది. "అంతా బాగానే ఉందమ్మా" అనబోయి, మాలో ఒకడు లోపలికి వెళ్ళి చూశాడు. కంప్యూటర్ బతికే ఉంది, పిలిస్తే పలుకుతోంది. కాని బెల్లును నర్సు ఫోనుకు అందించే ప్రోగ్రాము మాత్రం చచ్చి పడి ఉంది. డిస్కు నూటికి నూరు నిండిపోయింది. ఒక్క అక్షరం రాయడానికి చోటు లేక ప్రోగ్రాము ఆగిపోయింది. అప్పటికి రెండున్నర గంటలయింది ఆగి.

డిస్కు ఉన్నట్టుండి నిండదు గదా. 23వ తేదీ శుక్రవారమే 91 శాతం నిండిందని పసుపుచుక్క పడింది. రోజుకు అలాంటివి వందలొస్తాయి. ఏది నిజం, ఏది ఉత్తుత్తిది అన్న తేడా కంటికి పోతుంది. ఈ పసుపుచుక్కను చూసి మాలో ఒకరు, ఎవరో చెప్పము, అది నలుగురి తప్పే, "సెలవులయ్యాక చూద్దాం" అని 28 దాకా నిద్రపుచ్చాము. ఒక మీట నొక్కితే చాలు, హెచ్చరిక నోరు మూసుకుంటుంది. అలా మూశాము.

అవతల ఆ ముగ్గురికీ ఈ సంగతి ఎలా తెలుస్తుంది? బెల్లు మోగకపోతే, ఈ రాత్రి పెద్దవాళ్ళు పాపం పండగ చేసుకుని హాయిగా నిద్రపోతున్నారు అనుకున్నారు. గుమ్మాల మీద దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. కాని వాళ్ళు మతిమరుపువారి వైపు వరండాలో ఉన్నారు, దీపాలు ఇటు వరండాలో. ఎనభై ఆరేళ్ళ ఒక అమ్మ మరుగుదొడ్డికి పోవాలని బెల్లు నొక్కింది. తర్వాత చిట్టా తీసి చూశాము. అరగంటలో ఏడుసార్లు నొక్కింది. ఎవరూ రాకపోతే తనే లేచింది. పడింది. మణికట్టు విరిగింది.

ఆ ఏడుసార్ల నొక్కుడు వేళలు, నిమిషాలతో సహా, మాలో ఒకరు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకున్నారు. ఇప్పటికీ ఉంది.

పాత చిట్టాలు తుడిచేసి, ప్రోగ్రాము లేపడానికి మాకు పట్టింది పదకొండు నిమిషాలు. ఆ హడావుడిలో "ఒరేయ్, డిస్కు చూడరా, ముందు డిస్కు చూడు" అని మేము అరుచుకోవడం ఫోనులో వినబడిందేమో, ఆ పిల్ల ఒక్కసారిగా, "అన్నయ్యా, మీరు తెలుగువాళ్ళా?" అంది. గుంటూరు వైపు పిల్ల. చదువుకోడానికి పోయి రాత్రిపూట అక్కడ పని చేస్తోంది. అప్పుడు ఏడ్చింది. "నేను చూసుకోలేదు అన్నయ్యా, నా మీదికొస్తుందేమో" అంది. "లేదమ్మా, నీది కాదు తప్పు, మాది. రాసిస్తాం" అన్నాము. రాసిచ్చాము కూడా.

బాగయిందని మేము నమ్మలేదు. పచ్చచుక్క మీద నమ్మకం పోయింది. "అమ్మా, ఓపికుంటే ఒక్కో గదిలోకి వెళ్ళి బెల్లు నొక్కుతావా, మేము ఫోనులోనే ఉంటాం" అని అడిగాము. అడుగులో అడుగు వేసుకుంటూ, నిద్రపోయేవాళ్ళను లేపకుండా వెళ్ళింది. "పదకొండో నంబరు నొక్కాను అన్నయ్యా." "వచ్చిందమ్మా." "పన్నెండు." "వచ్చింది." అరవై గదులూ అలాగే తిరిగింది. రెండు గదుల బెల్లులు ఎంత నొక్కినా రాలేదు. వాటి తీగ ఎన్నాళ్ళ కిందట పాడయిందో ఎవరికీ తెలీదు. ఆ గదులవారిలో ఒకరికి మాట కూడా లేదట.

ఆశ్రమంవారు మా మీద కోపగించుకున్నారు. న్యాయమే. పడిపోయిన అమ్మ కోలుకుందని ఫిబ్రవరిలో ఆ పిల్లే చెప్పింది.

ఆ తర్వాత మేము మార్చినవి కొన్ని ఉన్నాయి. అన్నీ ఇక్కడ చెబితే మీకు నిద్ర వస్తుంది గాని ముఖ్యమైనది ఒకటి. యంత్రం బతికుందా అని అడగడం మానేశాము. పని జరుగుతోందా అని అడుగుతాము. పావుగంటకొకసారి ఒక ఉత్తుత్తి బెల్లు మేమే పంపిస్తాము. అది నర్సు ఫోను వరుస దాకా చేరి తిరిగి జవాబు వస్తేనే పచ్చ. జవాబు రాకపోతే ఎర్ర. నిశ్శబ్దాన్ని క్షేమం అని లెక్కవెయ్యడం లేదు. హెచ్చరికను నిద్రపుచ్చాలంటే ఇద్దరు సంతకం పెట్టాలి, సెలవులు దాటేలా నిద్రపుచ్చడం అసలు కుదరదు. డిసెంబరు మొదటి వారంలోనే ప్రతి ఆశ్రమానికి ఫోను చేసి, యూపీఎస్ బ్యాటరీ ఎన్ని నిమిషాలు ఆగుతుంది, జనరేటరులో డీజిల్ ఉందా, ఇంటర్నెట్ పోతే రెండో దారి ఉందా, సర్వర్ గది తాళంచెవి పండగనాడు ఎవరి దగ్గర, అని అడిగి రాసుకుంటాము. ఆఖరి ప్రశ్నకే ఎక్కువమంది తడబడతారు. సాయంత్రం మందుల చీటీ ఒక ప్రతి కాగితం మీద అచ్చుతీసి పెట్టుకోమంటాము. "ఈ కాలంలో కాగితమా" అని నవ్వినవాళ్ళున్నారు. 2024 జూలై 19న ఒక భద్రతా కంపెనీ పంపిన లోపభూయిష్టమైన ఫైలు వల్ల ప్రపంచం మొత్తం మీద 85 లక్షల విండోస్ యంత్రాలు నీలితెర వేసి కూలబడ్డాయి. ఆ తర్వాత ఆ నవ్వు తగ్గింది. అలా పడిపోయిన యంత్రాల్లో చాలావాటిని దూరం నుంచి లేపడం సాధ్యం కాలేదు. ఒక మనిషి ఎదురుగా కూర్చుని చేత్తో లేపవలసి వచ్చింది. మా ఉద్యోగానికి హద్దు అదే.

సెలవుల ముందు యంత్రాల్లో ఏ మార్పూ చెయ్యగూడదన్నది మా వృత్తిలో పాత నియమం. చేసి పాడైతే బాగుచేసేవాడు దొరకడని. మంచి నియమమే. ఐతే 2021 డిసెంబరు 10న లాగ్ ఫోర్ జే అనే ఒక చిన్న ప్రోగ్రాములో పెద్ద కన్నం బయటపడింది. లోకంలో లెక్కలేనన్ని యంత్రాల్లో ఆ ప్రోగ్రాము ఉంది. అప్పుడు నియమం పట్టుకు కూర్చుంటే తలుపు తీసి పడుకున్నట్టే. కనుక నియమం ఉండాలి, నియమాన్ని ఎప్పుడు దాటాలో చెప్పే మనిషీ సెలవుల్లో ఫోనుకు దొరకాలి.

ఇంకొక మాట మామీద మేమే చెప్పుకోవాలి. ఇంతమంది ఇళ్ళ తాళాలు ఒక్క కాపలావాడి చేతిలో ఉంటే, దొంగ ఇళ్ళ జోలికి పోడు, కాపలావాణ్ణి పట్టుకుంటాడు. 2021 జూలై 2న జరిగిందదే. కసేయా అనే కంపెనీ తయారుచేసిన, మావంటివారు వాడే దూరకాపలా సాఫ్ట్‌వేరులోనే కన్నం వేసి, దాన్ని వాడే కాపలా కంపెనీల ద్వారా వాటి కింద ఉన్న ఎనిమిది వందల నుంచి పదిహేను వందల దాకా వ్యాపారాల కంప్యూటర్లకు ముఠా తాళం వేసింది. స్వీడన్‌లో కోప్ అనే కిరాణా దుకాణాలు సుమారు 800 డబ్బు తీసుకునే యంత్రాలు పనిచెయ్యక మూతపడ్డాయి. అందుకే ఇప్పుడు మేము లోపలికి వెళ్ళాలంటే పాస్‌వర్డు చాలదు, ఫోనులో రెండో గుర్తు చూపాలి, ఎవరు ఏ నిమిషాన ఏ యంత్రంలోకి వెళ్ళారో రాసి ఉంటుంది. విసుగ్గానే ఉంటుంది. తప్పదు.

ఇదంతా విని, "ఎక్కడో ఉన్న దొరల ముసలివాళ్ళ సంగతి మాకెందుకు" అని ఎవరైనా అనుకుంటారేమో. ఈ సభలో కూర్చున్న పెద్దల్లో ఎంతమంది పిల్లలు రియాద్‌లో, దుబాయిలో, డల్లాస్‌లో, సిడ్నీలో ఉన్నారో మనకు తెలుసు. అమ్మీ, అబ్బా ఇక్కడ ఇద్దరే. పిల్లవాడు హాల్లో ఒక కెమెరా పెట్టించి పోయాడు. అక్కడ ఫోనులో చూసుకుంటాడు. కుర్చీలో అబ్బా కనబడతాడు, సంతోషం. కాని స్నానాలగదిలో పడితే కెమెరాకు కనబడదు. కరెంటు పోయి వైఫై ఆగితే, ఆఖరి బొమ్మ అలాగే నిలిచిపోయి, అబ్బా ఇంకా కుర్చీలోనే ఉన్నట్టు కనబడవచ్చు. అదే మా పచ్చచుక్క.

చూసి ఏం చేస్తాడన్నది ఇంకో ప్రశ్న. ఆస్ట్రేలియా ఆశ్రమంలో కనీసం ఆ గుంటూరు పిల్ల ఉంది. ఇక్కడ లోపల గడియ పెట్టి ఉంటే? కిందటి బక్రీదు మర్నాడు మా వీధిలో ఒక దాదీ కింద పడి, కొడుకు ఖతర్ నుంచి ఫోను మీద ఫోను చేస్తే, పక్కింటివాళ్ళు చుట్టాలింటికి పోయారు. తలుపు పగలగొట్టేసరికి గంటన్నర. ప్రాణానికి ప్రమాదం కాలేదు గాని ఆమె ఆ తర్వాత ఒంటరిగా పడుకోవడం లేదు.

అందుకని సంఘానికి మా నలుగురి విన్నపం. పెద్ద ఖర్చు లేదు. ఒంటరిగా ఉండే పెద్దల పేర్లతో ఒక రిజిస్టరు పెట్టాము. పండగకు ముందురోజు, పండగనాడు, మర్నాడు, మూడు రోజులూ ఉదయం సాయంత్రం మన కుర్రవాళ్ళు ఫోను చేస్తారు. ఫోను ఎత్తకపోతే అరగంటలో మనిషి వెళ్ళాలి. "ఫోను ఛార్జింగ్ అయిపోయి ఉంటుందిలే" అని ఊరుకోకూడదు, వెళ్ళాలి. 108 నంబరు అందరికీ తెలుసు. పెద్దలకోసం 14567 అని కేంద్రప్రభుత్వం నంబరు కూడా ఒకటి ఉంది, సలహాలకు, సహాయానికి. అంబులెన్సు కాదది, రాత్రిపూట పలకదు, రెండూ ఒకటనుకోకండి. కెమెరా ఉన్నవాళ్ళు నెలకొకసారి అమ్మీని చెయ్యి ఊపమనండి, కొడుకు అక్కణ్ణుంచి ఇప్పుడే ఊపిందని చెప్పగలగాలి. మేము రాత్రి డ్యూటీవాళ్ళం కనుక తెల్లవారుజాము నాలుగు నుంచి ఫజర్ దాకా ఫోనుకు మేమే ఉంటాము. ఎలాగూ మెలకువే.

ఆడపిల్లలు కూడా పేర్లు ఇవ్వవచ్చా అని నిన్న ఒకమ్మ అడిగింది. తప్పకుండా ఇవ్వాలి. ఒంటరి దాదీలు, నానీలు మగపిల్లలకు తలుపు తియ్యడానికి మొహమాటపడతారు.

రిజిస్టరు కార్యదర్శిగారి బల్ల మీద ఉంది. భోజనాలకు లేచేముందు రాసి వెళ్ళండి. పేరు, ఇంటి గుర్తు, మందులు, పిల్లల ఫోను నంబరు, ఆఖరున ఒక గడి ఉంది, ఇంటి రెండో తాళంచెవి ఎవరి దగ్గర ఉంది అని. నిన్నటిదాకా పందొమ్మిదిమంది రాశారు. పదకొండుమంది ఆ గడి ఖాళీగా వదిలారు. వాళ్ళ ఇళ్ళకు రేపు జుమా అయ్యాక మేమే వస్తున్నాము.